పెంకు వాలిన వైపు

నాచారం పారిశ్రామికవాడలోనో, మల్లాపూర్‌లోనో, ఉప్పల్ పక్కన చిలుకానగర్‌లోనో ప్రహరీ గోడ మీద సీసా పెంకులు ఎన్ని వానలు పడ్డా ఊడకుండా ఉన్నాయంటే అవి హన్మయ్య పెట్టినవే అనుకోవచ్చు. వేరేవాళ్ళు పెట్టినవి రెండేళ్ళకు కదులుతాయి, మూడో ఏడు పిల్లలు పీకి పారేస్తారు. హన్మయ్యవి కదలవు. ఆయన ఇటుక పని చేస్తాడు, ప్లాస్టరింగ్ చేస్తాడు, కానీ జనం వెతుక్కుంటూ వచ్చేది మాత్రం గోడ తల మీద పెంకుల కోసమే. నలభై ఏళ్ళుగా అంతే.

ఖాళీ సీసాలు గోనెసంచిలో వేసి మూతి కట్టి బండ మీద పెట్టి రెండు దెబ్బలు కొడతాడు. మూడో దెబ్బ వేస్తే పొడి అవుతుంది, పనికిరాదు. గోడ తల మీద సిమెంటు పచ్చిగా ఉండగానే పెంకును సగానికి పైగా లోపలికి దింపి, బొటనవేలు మందం బయటివైపుకు వంచుతాడు. నిటారుగా పెడితే లాభం లేదు, పైన ఒక మందపాటి బొంత వేసి ఎవడైనా దాటిపోతాడు. బయటికి వాలి ఉంటే చెయ్యి ఆనించడానికే జాగా దొరకదు. ఈ కిటుకు ఎవరూ నేర్పలేదు, చేస్తూ చేస్తూ తెలుసుకున్నాడు.

మాట మాత్రం పొదుపు. గోడలు కట్టీ కట్టీ గోడ లెక్కనే అయిండని ఆయన భార్య సాలమ్మ బస్తీలో అందరి దగ్గరా అంటుంది.

ఆ ఏడు ఎండలు ముదరకముందే, బస్తీ పక్క మురుగు నాలాకు అవతల ఉన్న కాలనీ సంఘం అధ్యక్షుడు అచ్యుతరావు కబురు పంపాడు. ఆయన ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. పదకొండేళ్ళ కిందట ఆ కాలనీకి ప్రహరీ కట్టించింది, దాని మీద హన్మయ్య చేత పెంకులు పెట్టించింది ఆయనే. మంచి మాటతీరు. వరండాలో కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇప్పించి, విషయం చెప్పాడు. నెలలో రెండు బండ్లలో పెట్రోలు పోయింది, ఒక ఇంటి వెనక గ్యాస్ సిలిండరు పోయింది. చూసినవాళ్ళు లేరు. కానీ కమిటీలో అందరూ వెనక సందు వైపే వేలు చూపిస్తున్నారు. ప్రహరీలో వెనకవైపు పది అడుగులు అప్పట్లో పనివాళ్ళు వచ్చిపోవడానికి వదిలేశారు, అట్లాగే ఉండిపోయింది. దాన్ని మూసేయాలి. పైన హన్మయ్య పెంకులు ఉండాలి.

"సరే సారు" అన్నాడు హన్మయ్య.

నలభై ఏళ్ళుగా ఎవరు గోడ అన్నా ఆయన నోటికి వచ్చే మాట అదే. చెప్పులేసుకుని, సైకిలు నడిపించుకుంటూ ఇంటిదారి పట్టాడు. ఆ సందులోంచే పట్టాడు. నాలా మీద వేసిన సిమెంటు పలక దాకా వచ్చాక ఆగిపోయాడు. వెనక్కి తిరిగి చూశాడు. తను ఇప్పుడే నడిచొచ్చిన చోటును మూస్తానని తనే ఒప్పుకుని వచ్చాడు.

ఆ సందు బస్తీలో నలభై ఇళ్ళ వాళ్ళకు తొవ్వ. అందులోంచి వెళితే కాలనీ, కాలనీ దాటితే ఉప్పల్ బస్సులు ఆగే రోడ్డు, పది నిమిషాలు. అది లేకపోతే నాలా వెంట కిందికి పోయి, మెయిన్ రోడ్డెక్కి, కాలనీ ముందు గేటు దాకా తిరిగి రావాలి. రెండు కిలోమీటర్లకు తక్కువ కాదు. సాలమ్మ ఆ కాలనీలో రెండిళ్ళలో రొట్టెలు చేస్తుంది. అందులో ఒకటి అచ్యుతరావు ఇల్లే. ఆమె మోకాళ్ళు అరిగిపోయాయని దవాఖానాలో ఫోటో తీసి చూపించారు. పది నిమిషాల నడకకే మధ్యలో రెండుసార్లు నిలబడుతుంది. రెండు కిలోమీటర్లు అంటే పని మానుకోవడమే. ఆమె పని మానుకుని ఇంట్లో కూర్చునే మనిషి కాదు. ఆ సంగతి హన్మయ్యకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఆ సాయంత్రం ఆయన ఇంట్లో ఏమీ చెప్పలేదు. గోడ పనికి ఇంకా మూడు వారాలు ఉంది.

ఈ లోపల గౌతమి వచ్చింది. సైనిక్‌పురి అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయి. బొమ్మలు వేసే చదువు చదువుకుంది. నాచారంలో మూతపడ్డ ఒక ఫ్యాక్టరీ షెడ్డును నెల రోజులకు మాట్లాడుకుంది. అందులో నడుమ గోడ కట్టాలి, పదహారు అడుగుల పొడవు, ఏడడుగుల ఎత్తు, పైన సీసా పెంకులు. పదిహేను రోజులు జనం వచ్చి చూస్తారు, తర్వాత పడగొట్టేస్తారు.

హన్మయ్య చాలాసేపు ఆమె చేతిలో కాగితం చూశాడు. పడగొట్టడానికి గోడ కట్టించేవాళ్ళను ఆయన ఇంతవరకు చూడలేదు. గోడ మీద బొమ్మ వేస్తారా అని అడిగాడు. ఏమీ వేయదట. గోడే బొమ్మట. షెడ్డుకు రెండు చివర్లా రెండు తలుపులు ఉన్నాయి కదా, వచ్చినవాళ్ళు చీటీ తీసుకోవాలి. ఒకటి వస్తే రోడ్డు వైపు తలుపులోంచి, రెండు వస్తే నాలా వైపు తలుపులోంచి పోవాలి. ఎవరి చేతిలో ఏ చీటీ పడితే అటు నిలబడి చూడాలి.

ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న.

"బయట ఎటు?"

"బయట అంటూ లేదు తాతా. షెడ్డులో రెండు దిక్కులా లోపలే కదా."

"గట్లయితే పెంకు పెట్టరాదు బిడ్డ. పెంకు అంటే ఎటో ఒక దిక్కు వాలాలె."

గౌతమి ఆ మాటను చిన్న పుస్తకంలో రాసుకుంది. "మీ చెయ్యి ఎటు పోతే అటు వంచండి. నేను చెప్పను" అంది.

ఇంటికొచ్చి సాలమ్మకు ఈ పని సంగతి చెబితే ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. గోడ సూసుడుకు చీటీలా, మన బస్తీకొస్తే నాలుగు దిక్కుల గోడలే, ముఫత్ల సూపిస్తం రమ్మను అంది. పక్కింటి మరియమ్మను పిలిచి మళ్ళీ మొత్తం చెప్పింది. ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

కట్టడం అయిదు రోజులు పట్టింది. ఆరో రోజు పెంకులు. ఆకుపచ్చవి, గోధుమ రంగువి, తెల్లవి కలిపి పెట్టాడు. రోజూ చేసే పనే కాబట్టి ఆలోచించకుండా చేసుకుంటూ పోయాడు. గౌతమి స్టూలు మీద కూర్చుని ఆయన చేతులనే చూస్తూ ఉంది. మధ్యలో ఒక్క మాట కూడా అడగలేదు. అది ఆయనకు నచ్చింది.

ఆ రోజు ఇంటికి వచ్చేసరికి సాలమ్మ గడప మీద కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు. అచ్యుతరావు భార్య పొద్దున రొట్టెలు చేస్తుంటే మాటల్లో చెప్పిందట, వచ్చే నెల వెనక సందు మూసేస్తున్నారు, పెంకుల మేస్త్రి ఉన్నాడు కదా ఆయనే కడుతున్నాడు అని. ఆ మేస్త్రి సాలమ్మ భర్త అని ఆమెకు తెలియదు. సాలమ్మ ఆ సందులోంచి వస్తుందని కూడా తెలియదు. వంటింటి తలుపు దగ్గర ప్రత్యక్షమయ్యే మనిషి ఎటు నుంచి వస్తుందో ఆరేళ్ళలో ఎవరూ అడగలేదు.

హన్మయ్య సైకిలు స్టాండు వేసి నిలబడ్డాడు.

"నా తొవ్వ మీద నువ్వే పెంకులు పెడ్తవా?" అంది సాలమ్మ.

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకు కొంచెం సులువయ్యేది. సారుతో మాట్లాడతానని గొణిగాడు. ఏం మాట్లాడతావని అడిగింది. నీ మోకాళ్ళ సంగతి చెబుతానన్నాడు. దానికి ఆమెకు కోపం వచ్చింది. తన పేరు ఎత్తవద్దంది. పేరు ఎత్తితే నువ్వొక్కదానివి ముందు గేటు నుంచి ఆటోలో రా, ఆటో మేమిస్తాం అంటారు, మంచివాళ్ళే, అంటారు. మరి మరియమ్మ? కంపెనీలకు పోయేవాళ్ళు? బడి పిల్లలు? తన ఒక్కదాని కాళ్ళ కోసం తొవ్వ అడగొద్దని గట్టిగా చెప్పి లోపలికి పోయి పొయ్యి వెలిగించింది.

మరునాడు గౌతమి షెడ్డులో లైటు పెట్టించింది. వెంటిలేటర్లకు నల్లగుడ్డ కట్టారు. కరెంటు బోర్డు రోడ్డు వైపు తలుపు దగ్గరే ఉంది కాబట్టి పెద్ద లైటు ఎత్తుగా అక్కడే నిలబెట్టారు. స్విచ్ వేయగానే హన్మయ్య రోడ్డు వైపే ఉన్నాడు. గోడ తలంతా తళతళమంది. ఆకుపచ్చ, తేనెరంగు, తెలుపు. పెళ్ళి పందిరికి కట్టిన సీరియల్ లైట్లలా ఉంది. తన పని ఇంత అందంగా ఉంటుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

"ఇటు రండి తాతా" అని గోడకు అవతల నుంచి పిలిచింది గౌతమి.

చుట్టూ తిరిగి నాలా వైపు తలుపులోంచి వెళ్ళాడు. రెండడుగులు వేసి ఆగాడు. నేల మీద తన పాదాల దాకా నల్లటి కోరలు పరుచుకుని ఉన్నాయి. ఇంకో అడుగు వేస్తే ఆ నీడలు మోకాళ్ళ మీదికి, చొక్కా మీదికి ఎక్కాయి. తలెత్తి చూస్తే ప్రతి పెంకు మొన ముందుకు వంగి ఆయన ముఖం వైపే ఉంది. ఏడడుగుల గోడే. కట్టింది ఆయనే. అయినా ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"అన్నీ ఒకటే దిక్కు వాలినయి" అంది గౌతమి. "నేను చెప్పలేదు కదా. అటు ఏముంది?"

హన్మయ్య తలుపు బయటికి వచ్చి చూశాడు. నాలా. నాలాకు అవతల రేకుల ఇళ్ళు. వాటి నడుమ నీలం రంగు నీళ్ళ ట్యాంకు. అది తన ఇంటిదే.

సైకిలెక్కాడు.

ఆ పగలంతా తిరిగాడు. మల్లాపూర్‌లో మందుల కంపెనీ గోడ చూశాడు. పెంకులు రైలు పట్టాల పక్కన గుడిసెల వైపు వాలి ఉన్నాయి. చిలుకానగర్‌లో ఒక బడి గోడ చూశాడు. అవి కూలీలు అద్దెకుండే వరుస గదుల వైపు ఉన్నాయి. హబ్సిగూడలో పెద్ద బంగళా. అక్కడ వెనక ధోబీలు ఉండేవాళ్ళు, ఇప్పుడు వాళ్ళు లేరు, అపార్టుమెంటు వచ్చింది, పెంకులు మాత్రం అటే చూస్తున్నాయి. ఇరవై రెండేళ్ళ నాటి పని, ఒక్కటి కూడా కదల్లేదు. వేరే రోజైతే ఆ మాటకు లోపల సంతోషం కలిగేది. ఎక్కడా యజమానులు ఇటు వంచు అని చెప్పిన గుర్తు లేదు. చెప్పే అవసరం వాళ్ళకు రాలేదు. బయట ఎటో హన్మయ్య చేతికి తెలుసు. తను ఎటు నుంచి పనికి వచ్చాడో అటే బయట.

పొద్దు వాలుతుండగా ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర మెట్రో స్తంభానికి సైకిలు ఆనించి చాయ్ తాగాడు. నోటి నిండా మాటలు ఉన్నట్టు అనిపించింది. ఎవరితో అనాలో తెలిసింది.

తెల్లారి అచ్యుతరావు వరండాలో కుర్చీ వేసినా హన్మయ్య కూర్చోలేదు.

"ఆ గోడ నేను కట్ట సారు."

అచ్యుతరావు ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. బాగానే ఉందన్నాడు. అది తొవ్వ అన్నాడు. అచ్యుతరావు ఓపికగా చెప్పాడు, అది తొవ్వ కాదని, కాలనీ స్థలమని, కాగితాలు ఉన్నాయని, ఇన్నాళ్ళు ఎవరినీ ఆపకపోవడం తమ మంచితనమని. అబద్ధం ఒక్కటీ లేదు. నువ్వు చేయకపోతే రమేష్ చేస్తాడు, నీ దగ్గర నేర్చుకున్నవాడే కదా అని కూడా అన్నాడు.

హన్మయ్య ఒప్పుకున్నాడు, రమేష్ చేస్తాడు. అయితే ఒక్కసారి షెడ్డు దగ్గరికి రావాలి, తను కట్టిన గోడ ఒకటి చూడాలి, చూశాక సారు ఇష్టం అన్నాడు. అచ్యుతరావు చూద్దాంలే అన్నాడు. చూద్దాంలే అంటే ఏమిటో హన్మయ్యకు తెలుసు. తెల్లారి అచ్యుతరావు వాకింగుకు బయల్దేరేసరికి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. నమస్తే పెట్టాడు, ఏమీ అడగలేదు. రెండో రోజూ ఉన్నాడు. మూడో రోజు చిన్న తుంపర పడుతున్నా ఉన్నాడు. నాలుగో రోజు అచ్యుతరావు గొడుగు మూసి, "పదవయ్యా, చూపించు నీ గోడ" అన్నాడు.

షెడ్డులో ఆయన చేతికి ఒకటో నంబరు చీటీ వచ్చింది. రోడ్డు వైపు తలుపు. లోపల నిలబడి చాలాసేపు మెచ్చుకున్నాడు. మన పెంకుల్లో ఇంత రంగు ఉందా అన్నాడు. మనవరాలిని తీసుకొస్తానన్నాడు. హన్మయ్య వెనక నిలబడి అంతా విని, ఒక్కసారి అవతలికి రమ్మన్నాడు.

నాలా వైపు తలుపులోంచి లోపలికి రాగానే నీడలు ఆయన తెల్ల చొక్కా మీద పడ్డాయి. అచ్యుతరావు తన ఛాతీ వైపు చూసుకున్నాడు. తర్వాత పైకి చూశాడు.

"ఇది వేరే గోడ" అన్నాడు.

"గా గోడనే సారు."

ఆయన నమ్మలేదు. ఇంజినీరు కదా. బయటికి పోయి మొదటి తలుపులోంచి వచ్చి, మూల నుంచి పెంకులు లెక్కపెట్టుకున్నాడు. మళ్ళీ చుట్టూ తిరిగి వచ్చి ఇటు నుంచి లెక్కపెట్టాడు. లెక్క కలిసింది. అప్పుడు ఇది లైటు మాయ అన్నాడు. గౌతమి నవ్వలేదు. కావాలంటే ఆర్పేస్తానని ఆర్పేసింది, వెంటిలేటరు గుడ్డ ఒకటి తీసింది. మామూలు పగటి వెలుతురు వచ్చింది. నీడలు పోయాయి. అచ్యుతరావు ఆ వెలుతురులో అక్కడే నిలబడి ఉన్నాడు. మొనలు మాత్రం ఆయన ముఖం వైపే ఉన్నాయి. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

అంతటితో అయిపోతుందని హన్మయ్య అనుకోలేదు. అయిపోలేదు. సోమవారం పొద్దున సందు దగ్గర ఇటుకల లారీ ఆగింది, ఇసుక దిగింది. కమిటీ తీర్మానం అయిపోయిందని, అధ్యక్షుడు ఒక్కడు వెనక్కి తీసుకోలేడని రాఘవేంద్ర అనే కమిటీ మనిషి అక్కడ నిలబడి అందరికీ చెబుతున్నాడు. సాలమ్మ పనికి పోతూ ఆ ఇటుకల పక్కనుంచే వెళ్ళింది. హన్మయ్య వైపు ఒకసారి చూసి ముందుకు నడిచింది. మంగళవారం నుంచి రమేష్ పని మొదలుపెట్టాలి.

మేస్త్రీల్లో ఒక కట్టుబాటు ఉంది. గోడ కట్టేముందు వరుస తెలియడానికి దారం కడతారు. ఒక మేస్త్రి దారం కట్టిన చోట, ఆయన చేత్తో ఆయన విప్పేదాకా, ఇంకో మేస్త్రి ఇటుక పెట్టడు. ఏ కాగితం మీదా రాసిలేదు. కానీ ఉప్పల్ అడ్డా మీద పొద్దున్నే పని కోసం నిలబడే ప్రతి మనిషికీ తెలుసు. ఒకరి దారం మీద ఇంకొకరు కడితే గోడ వంకర వచ్చినప్పుడు మాట ఎవరి మీద పడాలో తేలదు. అందుకే పెట్టుకున్నారు. తండ్రి పని కొడుకు ఎత్తుకోవాలన్నా ముందు దారం విప్పమని అడుగుతాడు.

మంగళవారం రమేష్ వచ్చేసరికి సందులో దారం కట్టి ఉంది. ఎడమ పక్క పాత గోడ నుంచి ఒక మేకు దాకా, అక్కణ్ణుంచి మూడడుగులు ఖాళీ, మళ్ళీ ఇంకో మేకు నుంచి కుడి పక్క గోడ దాకా. నిలువు చూసే గుండు వేలాడదీసి ఉంది. హన్మయ్య పక్కన ఇటుకల మీద కూర్చుని ఉన్నాడు. పనికి పోయే ఆడవాళ్ళు ఆ మూడడుగుల్లోంచి ఒకరి వెనక ఒకరు పోతున్నారు.

"మీరు కడ్తున్రా ఉస్తాద్?" అన్నాడు రమేష్.

"కడ్త."

"నడుమ ఇడిసిపెట్టిన్రేంది?"

"తొవ్వ."

రమేష్ తల గోక్కున్నాడు. ఇద్దరు కూలీలను వెంట తెచ్చుకున్నాడు, వాళ్ళు కూడా దారం వైపు చూసి తట్టలు కింద పెట్టారు. రాఘవేంద్ర వచ్చి ఏమిటి ఆలస్యం అని అడిగితే సంగతి చెప్పాడు. దారమే కదా తెంపెయ్ అన్నాడు రాఘవేంద్ర. రమేష్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"మీరు తెంపున్రి సారు. నేను తెంపిన్నని తెలిస్తే రేపటి సంది అడ్డా మీద నన్ను నిలవనియ్యరు."

రాఘవేంద్ర తెంపాడు. హన్మయ్య జేబులోంచి దారపు ఉండ తీసి మళ్ళీ కట్టాడు, గుండు మళ్ళీ సరిచూసుకున్నాడు. తొందరపడలేదు. మధ్యాహ్నం మళ్ళీ తెంపారు. మళ్ళీ కట్టాడు. బుధవారం పోలీసులను పిలుస్తామన్నారు. ఏమని పిలుస్తారు, దారం కట్టాడనా అని అచ్యుతరావే వద్దన్నాడట. గురువారం బోడుప్పల్ నుంచి కొత్త మేస్త్రిని తీసుకొచ్చారు. ఆయన బండి దిగి దారం చూశాడు, ఎవరిది అని అడిగాడు, చెప్పారు. వచ్చి హన్మయ్య పక్కన ఇటుకల మీద కూర్చుని, ఇద్దరికీ చాయ్ తెప్పించి, తాగి, మళ్ళీ బండెక్కి వెళ్ళిపోయాడు.

శుక్రవారం అచ్యుతరావు ఒక్కడే వచ్చాడు. కాలనీ వైపు నుంచి కాదు. ముందు గేటు నుంచి బయటికి వెళ్ళి, మెయిన్ రోడ్డు చుట్టూ తిరిగి, నాలా వెంట నడిచి, బస్తీ వైపు నుంచి వచ్చాడు. ముఖమంతా చెమట. పలక మీద నిలబడి తమ కాలనీ గోడను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. పదకొండేళ్ళ కిందట దగ్గరుండి పెట్టించిన పెంకులు.

"ఇటు వైపు నిలబడటం ఇదే మొదటిసారి" అన్నాడు.

హన్మయ్య లేచి నిలబడ్డాడు. అచ్యుతరావు చేత్తో ఆ మూడడుగులు కొలిచాడు. ఇంత సరిపోతుందా అని అడిగాడు. నెత్తి మీద మూట ఉన్న మనిషికి ఇంత కావాలన్నాడు హన్మయ్య. తలుపు లేకుండా కుదరదన్నాడు అచ్యుతరావు. కుదరకపోతే తలుపు పెట్టుకోండన్నాడు. తాళం కూడా కావాలి, తాళం లేకపోతే రాత్రిళ్ళు నాకు నిద్ర పట్టదు, నీకు నిజం చెబుతున్నా అన్నాడు. ఆయన గొంతులో అధికారం లేదు. భయం ఉంది. హన్మయ్యకు అది కొత్తగా అనిపించింది. ఇన్నేళ్ళు ఆ గోడల లోపల ఉన్నవాళ్ళకు భయం తీరిపోయి ఉంటుందని అనుకున్నాడు.

"రాత్రి పది కొట్టినంక ఏసుకోన్రి సారు. అయిదింటికి తియ్యాలె. తాళంచెవులు రెండు ఉండాలె, ఒకటి మీ కాడ, ఒకటి మా కాడ. రాత్రి పూట ఎవలకన్న పానం బాగలేకుంటె నాలా దిక్కు అంబులెన్సు రాదు."

రెండో తాళంచెవి దగ్గర అచ్యుతరావు ఆగిపోయాడు. ఒకసారి వద్దన్నట్టు తల ఊపాడు. హన్మయ్య దారం ఉండ జేబులో పెట్టుకుని మళ్ళీ ఇటుకల మీద కూర్చున్నాడు. ఇంకో వారమైనా కూర్చుంటాడని చూస్తేనే తెలుస్తోంది.

"ఎవరి దగ్గర ఉంటుంది ఆ తాళంచెవి?" అన్నాడు చివరికి అచ్యుతరావు.

"నా కాడ ఉంటది సారు."

ఆ మాట హన్మయ్య అనలేదు. రొట్టెల పని ముగించుకుని సాలమ్మ కాలనీ వైపు నుంచి వస్తోంది. మేకుల నడుమ ఒక చెయ్యి మోకాలి మీద పెట్టుకుని నిలబడి ఉంది. అచ్యుతరావు ఆమెను చూశాడు, ఆమె వెనక తమ కాలనీ వీధిని చూశాడు, ముందు నాలాను చూశాడు.

"సాలమ్మా, నువ్వు ఇటు నుంచి వస్తావా?"

"ఆరేండ్ల సంది" అంది. "ఈయన మా ఆయన. మాట రాదు గని పని వస్తది."

అచ్యుతరావు నవ్వబోయి ఆగాడు. రోజూ పొద్దున తమ ఇంటి వెనక తలుపు తాళం తీసి లోపలికొచ్చేది ఆ మనిషే. ఆ తాళంచెవి కూడా ఆమె దగ్గరే ఉంటుంది. అది ఆయనకు అప్పుడే గుర్తొచ్చినట్టుంది. సరేనన్నాడు. కమిటీకి తను చెప్పుకుంటానన్నాడు, కెమెరా ఒకటి పెడతారు, దానికి మాత్రం అడ్డుపడొద్దన్నాడు. పెట్టుకోమన్నాడు హన్మయ్య.

శనివారం పని మొదలైంది. హన్మయ్యే కట్టాడు. రమేష్ వచ్చి ఇటుకలు అందించాడు, అడగకుండానే. నాలుగో రోజుకు గోడ రెండు పక్కలా లేచింది, నడుమ ఇనుప తలుపు నిలబడింది. గడియ లోపలివైపే పెట్టమన్నాడు రాఘవేంద్ర. హన్మయ్య తలుపులో చెయ్యి పట్టేంత కంత కోయించి, రెండు వైపుల నుంచీ తీసుకునేలా పెట్టించాడు. పైన పెంకులు ఎప్పుడని అడిగారు. హన్మయ్య సీసాలు తేలేదు. గోడ తలను తాపీతో గుండ్రంగా నున్న చేస్తూ పోయాడు.

తలుపుకు కాలనీ వైపున తట్ట పెట్టుకుని నిలబడి నున్న చేస్తుంటే కంతలోంచి గడియ కదిలింది. సాలమ్మ. చేతిలో సంచి, కొంగు నడుముకు చెక్కుకుని ఉంది. ఆయన తట్ట, నీళ్ళ బకెట్టు సరిగ్గా దారికి అడ్డంగా ఉన్నాయి.

"జర జరుగు" అంది. "పొద్దెక్కింది."

ఆయన బకెట్టు పక్కకు జరిపాడు. ఆమె తలుపు పట్టుకుని గడప దాటింది, ఒక్క క్షణం ఆగి మోకాలు నిమురుకుని కాలనీలోకి నడిచింది. ఆమె వెనక మరియమ్మ, మరియమ్మ వెనక ఇంకో ఇద్దరు. వాళ్ళంతా పోయేదాకా ఆగి, హన్మయ్య బకెట్టు మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు. సిమెంటు ఆరిపోకముందే ఇంకా నాలుగడుగులు పూర్తి చేయాలి.